కడుపునొప్పి సర్టిఫికెట్



జ్వరాలకు, విరేచనాలకు ఒక సీజను ఉన్నట్టే మా ఓపీలో ఇంకొక సీజను కూడా ఉంది. డిగ్రీ, ఇంజనీరింగు కాలేజీల్లో సెమిస్టరు పరీక్షలు దగ్గర పడగానే అది మొదలవుతుంది. తండ్రి ముందు వస్తాడు, కొడుకు వెనుక వస్తాడు. కొడుకు తల దించుకుని సెల్‌ఫోను చూసుకుంటూ ఉంటాడు. "అమ్మగారూ, బాబుకి అటెండెన్సు తగ్గిందంట. ఒక్క మెడికల్ సర్టిఫికెట్ రాసిపెట్టండి. నెల రోజులు కడుపునొప్పితో మంచాన ఉన్నాడని రాస్తే చాలునంట." నేను తటపటాయిస్తే తరువాతి మాట ఎప్పుడూ ఒకటే. "మన సంఘపు బిడ్డే గదమ్మా!"

ఈ సంగతి తెలియని వారి కోసం చెబుతున్నాను. జె.ఎన్.టి.యు. వంటి యూనివర్సిటీల నిబంధనల ప్రకారం సెమిస్టరుకు 75 శాతం హాజరు ఉండాలి. 65కు, 75కు మధ్య ఉన్నవారికి సరైన కారణం చూపితే మినహాయింపు ఇస్తారు. 65 కూడా లేకపోతే ఆ సెమిస్టరు పరీక్ష రాయనివ్వరు, డిటెయిన్ చేస్తారు. ఆ సరైన కారణం కాగితం రూపంలో దొరికే చోటు ఆసుపత్రి అని ఊరందరికీ తెలుసు.

నేను రాయను. అబద్ధపు సర్టిఫికెట్ రాసిన డాక్టరు పేరు రిజిస్టరు నుంచి తొలగించవచ్చని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లోనే ఉంది. కానీ ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ భయం కాదు. మూడు సంవత్సరాల క్రితం అలా వచ్చిన ఒక అబ్బాయికి నిజంగానే కడుపునొప్పి ఉంది.

తండ్రిని కాసేపు బయట కూర్చోమన్నాను. అబ్బాయిని బల్ల మీద పడుకోబెట్టి పొట్ట నొక్కి చూశాను. పై భాగంలో మంట, నొప్పి. ఉదయం ఏమి తిన్నావంటే టీ అన్నాడు. రాత్రి ఎన్ని గంటలకు నిద్రపోతావంటే మూడు, ఒక్కోసారి నాలుగు అన్నాడు. చదువుతావా అంటే లేదు, ఊరికే మెలకువగా ఉంటాను మేడమ్ అన్నాడు. ఆ తరువాత మెల్లగా ఒక్కొక్కటీ బయటపడింది. మొదటి సంవత్సరంలో రెండు సబ్జెక్టులు పోయాయి. ఇంట్లో అన్నీ పాసయ్యానని చెప్పాడు. సప్లిమెంటరీ ఫీజు స్నేహితుడి దగ్గర అప్పు చేసి కట్టాడు, అదీ పోయింది. ఎమ్-2 క్లాసులో ఏమీ అర్థం కాక వెళ్ళడం మానేశాడు. ల్యాబ్ రికార్డులన్నీ పక్కవాడివి చూసి దించాడు. మిడ్ పరీక్షలో చీటీలు పెట్టి దొరికిపోయాడు. లెక్చరరు చీటీలు లాక్కుని, కేసు బుక్ చేయకుండా బయటకు పంపేశారు. "ఈసారి దొరికితే డిబార్ చేస్తారు మేడమ్. అయినా చీటీలు లేకుండా రాయలేను" అన్నాడు. ఈ మాటలన్నీ పైకప్పు చూస్తూ చెప్పాడు. తండ్రి తలుపు అవతలే ఉన్నాడు.

చూచిరాతల గురించి మనం మాట్లాడే తీరు నాకు ఎప్పుడూ వెలితిగా అనిపిస్తుంది. పాపమంటాము. దైవభయం తగ్గిందంటాము. సినిమాలు, సెల్‌ఫోన్లు చెడగొట్టాయంటాము. తప్పు తప్పే, అందులో నాకు సందేహం లేదు. అయితే సెల్‌ఫోను పుట్టక ముందు, 1964లో, అమెరికాలో విలియం బవర్స్ అనే పరిశోధకుడు 99 కాలేజీల్లో సుమారు 5,000 మంది విద్యార్థులను అడిగితే నాలుగింట మూడు వంతుల మంది ఏదో ఒక విధంగా కాపీ చేశామని ఒప్పుకున్నారు. ఆ తరువాత డొనాల్డ్ మెక్‌కేబ్ అనే ఆచార్యుడు జీవితమంతా ఇదే విషయం పరిశీలించాడు. ఆయనకు పదే పదే కనిపించినది, పక్కనున్నవారు చేస్తున్నారన్న నమ్మకమే విద్యార్థిని ఎక్కువగా అటు లాగుతుందని. 2012లో హార్వర్డ్ యూనివర్సిటీలోనే ఒక్క పరీక్షకు సంబంధించి సుమారు 125 మంది మీద విచారణ జరిగింది. కాబట్టి మన పిల్లలే చెడిపోయారని గుండెలు బాదుకోనవసరం లేదు. మన పిల్లల విషయంలో పనిచేసే కారణాలు కొన్ని మనవే ఉన్నాయి, వాటిని చూడాలి.

ముందు శరీరం సంగతి చెబుతాను, ఇది ఆరోగ్య పత్రిక గదా. భయం కలిగినప్పుడు మన కిడ్నీల మీద టోపీల్లా ఉండే చిన్న గ్రంథుల నుంచి అడ్రినలిన్, కార్టిసాల్ అనే పదార్థాలు రక్తంలోకి వస్తాయి. గుండె వేగం పెరుగుతుంది, చేతులు చెమట పడతాయి, జీర్ణక్రియ మందగిస్తుంది. పాము ఎదురైనప్పుడు ఇది మంచిదే, పరుగెత్తడానికి పనికివస్తుంది. పరీక్ష ముందు రోజు కొంచెం భయం కూడా మంచిదే, అది కుర్చీలో కూర్చోబెడుతుంది. కానీ ఈ భయం నెలల తరబడి తగ్గకపోతే నిద్ర చెడుతుంది, ఆకలి చెడుతుంది, తలనొప్పి, ఛాతీ దడ, పొట్టలో మంట మొదలవుతాయి. పగలు చదివినది మెదడులో స్థిరపడేది రాత్రి నిద్రలోనే. నిద్ర లేనివాడు నాలుగుసార్లు చదివినా చిల్లుకుండలో నీళ్ళు పోసినట్టే. 1908లో యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చిట్టెలుకల మీద చేసిన ప్రయోగం ఒకటి ఉంది. పని సులువైనదైతే ఎక్కువ బెదిరింపు ఉన్నా ఎలుక నేర్చుకుంది. పని కష్టమయ్యేకొద్దీ తక్కువ బెదిరింపుతోనే బాగా నేర్చుకుంది. మనము చేసేది సరిగ్గా దీనికి తలకిందులు. లెక్కలు కష్టమయ్యేకొద్దీ పిల్లవాణ్ణి ఎక్కువ బెదిరిస్తాము.

అందుచేత ఇది ఒక చక్రం. భయం వల్ల చదువు తలకెక్కదు, తలకెక్కనందుకు చీటీ పెడతాడు, చీటీ పెట్టినందుకు దొరికిపోతానని ఇంకా భయం. మా దగ్గరకు వచ్చేసరికి ఆ అబ్బాయి ఒకటిన్నర సంవత్సరాలుగా అందులో తిరుగుతున్నాడు. పొట్ట మంటకు మాత్రలు రాయగలను. మిగిలినదానికి మాత్ర లేదు.

ఇక కారణాలు. అన్నిటికంటే పెద్దది, ఎవరూ పైకి చెప్పనిది, భాష. పదవ తరగతి వరకు తెలుగు మీడియంలో చదివిన పిల్లవాడు ఇంటర్లో ఇంగ్లీషు మీడియంలో పడతాడు. అక్కడ తెల్లవారుజామున లేపి రాత్రి పదింటి వరకు స్టడీ అవర్సు పెట్టి, బిట్లు, ముఖ్యమైన ప్రశ్నలు బట్టీ పట్టించి గట్టెక్కిస్తారు. అర్థమైందా అని అడిగే తీరిక ఎవరికీ ఉండదు. తరువాత ఇంజనీరింగులోనో బి.ఎస్సీ.లోనో చేరతాడు. లేపేవారు లేరు, బట్టీ పట్టించేవారూ లేరు. పుస్తకం తెరిస్తే ప్రతి వాక్యంలో రెండు మాటలు తెలియవు. క్లాసులో లేచి సందేహం అడగాలంటే ఇంగ్లీషులో అడగాలి, వెనుక బెంచీలో నవ్వుతారు. మొదటి నెల సిగ్గుతో ఊరుకుంటాడు, రెండవ నెల పాఠం చేయి దాటిపోతుంది. మూడవ నెల నుంచి బట్టీ ఒక్కటే దారి. అర్థం తెలియకుండా బట్టీ పట్టిన పేజీలో ఒక్క వాక్యం మరచిపోతే తరువాతిది రాదు. అటువంటివాడికి చీటీ గుడ్డివాడి చేతికర్రలా కనిపిస్తుంది. ఇంట్లో కాలేజి మొహం చూసిన మొదటి బిడ్డ అతడే అయితే అడగడానికి అన్నయ్య లేడు, బాబాయి లేడు. మన సంఘాలలో చాలా కుటుంబాలు ఇలాంటివే గదా.

రెండవది డబ్బు. ఫీజు రీయింబర్సుమెంటు వచ్చాక పేద పిల్లలు పెద్ద చదువులకు వెళ్ళగలిగారు, అది గొప్ప మేలు. అయినా హాస్టలు, బస్సు, పుస్తకాలు, పరీక్ష ఫీజులు ఉండనే ఉన్నాయి. అరెకరం అమ్మి, పొదుపు సంఘంలో అప్పు తెచ్చి పంపిన తండ్రికి "నాన్నా, రెండు సబ్జెక్టులు పోయాయి" అని చెప్పడం ఎంత కష్టమో ఆలోచించండి. ఆడపిల్లలకు ఇంకొక భయం ఉంటుంది. తప్పిందంటే చదువు మాన్పించి పెళ్ళి చేసేస్తారు. ఒక బి.ఎస్సీ. అమ్మాయి ఈ మాట నాతో ఏడుస్తూ కాదు, చాలా మామూలుగా అంది, బస్సు టైము చెప్పినట్టు.

మూడవది, పిల్లలు చేసే పనిలో చాలా భాగం ఎవరూ చదవరని వారికి తెలుసు. రికార్డు బుక్కులో ఎన్ని పేజీలున్నాయో చూసి సంతకం పెడతారు. అసైన్‌మెంటు దొంతరగా వెళ్ళి దొంతరగా తిరిగి వస్తుంది. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు హైదరాబాదు అమీర్‌పేటలో డబ్బు ఇచ్చి కొనుక్కోవచ్చునని ఇంజనీరింగు పిల్లల్లో తెలియనివారు లేరు. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక ఆ ఖర్చు కూడా తగ్గింది. ఎవరూ చదవని పనిని నిజాయితీగా చేయమని చెప్పడం చాలా పెద్ద కోరిక. అయినా చేయాలంటాను, కారణం తరువాత చెబుతాను.

పెద్దవారి లోకం వారికి ఏమి నేర్పుతోందో కూడా చూడండి. 2016లో తెలంగాణ మెడికల్ ఎంసెట్ ప్రశ్నపత్రం బయటకు పొక్కి మళ్ళీ పరీక్ష పెట్టవలసి వచ్చింది. 2024 మే నెలలో జరిగిన నీట్ మీద అటువంటి ఆరోపణలే సుప్రీంకోర్టు వరకు వెళ్ళాయి. కోర్టు పరీక్షను రద్దు చేయలేదు గాని కొన్నిచోట్ల పేపరు బయటకు వచ్చిన మాట నిజమేనంది. ఆ జూన్‌లో యు.జి.సి. నెట్ పరీక్షను జరిగిన మరునాడే రద్దు చేశారు. 1997 నుంచి మన రాష్ట్రంలో ఒక చట్టం ఉంది, 2024 నుంచి కేంద్రంలో ఇంకొకటి వచ్చింది. పేపర్లు అమ్మేవారికి అవి కావాలి. చొక్కా మడతలో చీటీ పెట్టుకున్న పిల్లవాడి రోగం చట్టంతో కుదిరేది కాదు.

ఇప్పుడు మన సంగతి. ఇది చదివి కొందరు పెద్దలు నొచ్చుకోవచ్చు, క్షమించండి. మార్చి నెలలో మన గుడిలో హాల్ టికెట్లు, పెన్నులు తెచ్చి ప్రార్థన చేయించుకుంటారు. నాకు అది ఇష్టమే, నా పిల్లలనూ తెచ్చాను. ఫలితాలు వచ్చిన ఆదివారం సాక్ష్యాలు ఉంటాయి. ఫస్టు క్లాసు వచ్చిన బిడ్డ లేస్తుంది, ర్యాంకు వచ్చిన బిడ్డ లేస్తాడు, అందరమూ చప్పట్లు కొడతాము. తప్పినవాడు ఆ రోజు గుడికి రాడు. ఇరవై సంవత్సరాలలో "ప్రభువు నాకు తోడుగా ఉన్నాడు, నేను రెండు సబ్జెక్టులు తప్పాను" అని ఒక్కరు సాక్ష్యం చెప్పగా నేను వినలేదు. ప్రార్థించినవాడు పాసవుతాడని చెబితే తప్పినవాడికి ఏమని అర్థమవుతుంది? అతని భక్తి కూడా తప్పిందని. పరీక్షతో పాటు దేవుని దగ్గర కూడా తప్పానని అనుకునే పిల్లవాడు ఎవరితో చెప్పుకుంటాడు?

యవనస్థుల కూడికలలో దానియేలు గురించి తప్పక చెబుతాము. మూడు సంవత్సరాల చదువు, చివర నెబుకద్నెజరు రాజు ముందు పరీక్ష, అందరికంటే పది రెట్లు మేలని ఫలితం. తల్లిదండ్రుల చెవిన పడేది ఆ పది రెట్లు ఒక్కటే. కానీ ఆ అధ్యాయము మరల నెమ్మదిగా చదవండి. దానియేలు ఒంటరిగా లేడు, ముగ్గురు స్నేహితులున్నారు. తనకు కుదరని సంగతిని దొంగతనంగా సర్దుకోలేదు, తన మీద ఉన్న అధికారి దగ్గరకు వెళ్ళి నోరు తెరచి చెప్పుకున్నాడు. ఆ అధికారి కూడా రాజుకు భయపడుతున్నవాడే, అయినా విన్నాడు. పది దినములు గడువు దొరికింది. మన ఇళ్ళలో పిల్లలకు దొరకనిది సరిగ్గా ఆ వినే మనిషి, ఆ గడువు.

నిజాయితీ ఎందుకని అడుగుతారేమో. నా సంగతే చెబుతాను. ఎం.బి.బి.ఎస్.లో నా ఫిజియాలజీ రికార్డులో సగం సీనియరు రికార్డు చూసి రాసినదే. ఎవరూ పట్టుకోలేదు. హౌస్ సర్జనుగా ఉన్నప్పుడు ఒక రాత్రి మూడు గంటలకు, రెండు రోజులుగా నిద్ర లేక, బాలింతల వార్డులో కొన్ని మంచాలకు బి.పి. చూడకుండానే 120/80 అని చార్టులో రాసేశాను. చేయి అలవాటుగా రాసింది. తెల్లవారాక డ్యూటీకి వచ్చిన సిస్టరు మళ్ళీ చూస్తే వారిలో ఒకామెకు బి.పి. 170 దాటి ఉంది. ఫిట్స్ వచ్చి ఉంటే ఏమయ్యేదో ఇప్పుడు నాకు బాగా తెలుసు. ఆ తల్లి క్షేమంగా ఇంటికి వెళ్ళింది. సిస్టరు నన్ను ఒక్క మాట అనలేదు. చార్టు తెచ్చి నా ముందు పెట్టి వెళ్ళిపోయింది.

మ్యాక్సీన్ పాపడాకిస్ అనే అమెరికా వైద్యురాలు 2005లో ఒక పరిశోధన ప్రచురించారు. పెద్దయ్యాక క్రమశిక్షణ చర్యకు గురైన డాక్టర్లు, మిగిలినవారితో పోలిస్తే, మెడికల్ కాలేజీలోనే వృత్తికి తగని ప్రవర్తన చూపి ఉండే అవకాశం సుమారు మూడు రెట్లు అని అందులో తేలింది. మా వార్డులకు వచ్చే నర్సింగు విద్యార్థినులకు నేను ఇదే చెబుతాను. నాడి చూడకుండా అంకె వేయవద్దు, చూడలేకపోతే ఖాళీగా వదిలి నాతో చెప్పండి, తిట్టను అని. మొదట్లో నమ్మలేదు. ఇప్పుడు కొన్ని గళ్ళు ఖాళీగా వస్తున్నాయి. నాకు ఆ ఖాళీ గళ్ళు చూస్తే సంతోషం.

తల్లిదండ్రులారా, మార్కులెన్ని అని అడగడం మానమని నేను చెప్పను, మీరు మానరు కూడా. దానితో పాటు ఇంకొకటి అడగండి: ఏ సబ్జెక్టు అర్థం కావడం లేదు? సమాధానం వచ్చినప్పుడు ఆ రోజుకు కోపపడకండి. బ్యాక్‌లాగ్ అంటే సప్లిమెంటరీలో మళ్ళీ రాసుకునే సబ్జెక్టు, అంతే. మొదటి సెమిస్టరులోనే తెలిస్తే ట్యూషను పెట్టించవచ్చు, సంఘంలో ఆ చదువు చదివిన అన్నయ్యను, అక్కను అడగవచ్చు. ఆదివారం మధ్యాహ్నం గుడిలో బల్లలు ఖాళీగానే ఉంటాయి. లెక్కలు చెప్పగల టీచర్లు మన సంఘంలోనే అయిదారుగురున్నారు. సాక్ష్యాల సమయంలో తప్పిన పిల్లలను కూడా ముందుకు పిలిచి ప్రార్థించమని పాస్టరుగారిని అడిగాను. ఆలోచిస్తానన్నారు.

పిల్లవాడు రాత్రుళ్ళు నిద్రపోక, తిండి మానేసి, స్నేహితులకు దూరమై, ఇష్టమైన వస్తువులు పంచిపెడుతుంటే, నేను లేకపోతే మీకే నయం వంటి మాటలు అంటుంటే పరీక్షలు అయ్యాక చూద్దామని ఆగకండి. అటువంటి మాట విన్న రోజునే తీసుకురండి, ఒంటరిగా వదలకండి. చావాలనిపిస్తోందా అని నేరుగా అడగవచ్చు, అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022 ఒక్క సంవత్సరంలో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. టెలి మానస్ నంబరు 14416. రాత్రింబగళ్ళు ఉచితంగా పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సిలరు ఉండాలని సుప్రీంకోర్టు 2025 జూలైలో ఆదేశించింది. విశాఖపట్నం హాస్టలులో ఉండి చదువుకుంటూ మరణించిన ఒక 17 సంవత్సరాల అమ్మాయి తండ్రి వేసిన కేసులో వచ్చిన తీర్పు అది. మీ పిల్లల కాలేజీలో కౌన్సిలరు ఉన్నారో లేదో ఈసారి ఫీజు కట్టడానికి వెళ్ళినప్పుడు అడగండి.

ఆ అబ్బాయికి నేను సర్టిఫికెట్ రాశాను. ఫలానా తేదీన పొట్టలో మంటతో వచ్చాడు, చికిత్స ఇచ్చాము, నిద్రలేమి, ఆందోళన ఉన్నాయి, కౌన్సెలింగు అవసరం అని. నెల రోజులు మంచాన ఉన్నాడని రాయలేదు. తండ్రి ఆ కాగితం అక్కడే వదిలి వెళ్ళిపోయాడు. సాయంత్రం సంఘపెద్ద ఒకరు ఫోను చేసి, ఒక్క సంతకంతో పోయేదానికి బిడ్డ సంవత్సరం పాడుచేశారు అన్నారు. నిజమే, అబ్బాయి డిటెయిన్ అయ్యాడు. జూనియర్లతో కూర్చోవలసి వచ్చింది, ఆ ఏడు ఫీజు చేతి నుంచి కట్టుకున్నారు. నేను చేసినది సరియైనదేనా అని చాలా రాత్రులు ఆలోచించాను. ఇప్పటికీ పూర్తి ధైర్యంతో ఔనని చెప్పలేను. ఆ రోజు అబ్బాయి ఒప్పుకున్నాక తండ్రిని లోపలికి పిలిచి ముగ్గురం కలిసి మాట్లాడవలసింది. కాగితం ఇచ్చి పంపేశాను. అది నా పొరపాటు.

తండ్రికి షుగరు ఉంది. ఎనిమిది నెలలు మా ఆసుపత్రికి రాలేదు, తరువాత వచ్చాడు. మాత్రలు రాయించుకున్నాక లేవకుండా కూర్చున్నాడు. కొడుకు శనివారాలు హైస్కూలు లెక్కల మాస్టారి ఇంటికి వెళుతున్నాడట. కొంతసేపటికి, "అమ్మగారూ, ఎమ్-2 అంటే ఏందమ్మా? వాడు చెబుతాడు గాని నాకు తెలియడం లేదు" అన్నాడు. నాకూ తెలియదన్నాను.